గేమ్ బాక్సులో టీవీ: తాళం చెవి ఎవరి దగ్గరుంది?

2013 మే 21న అమెరికాలోని రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్, టీవీకి తగిలించి గేమ్స్ ఆడే తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌ను బయటపెట్టింది. గేమ్స్ చూద్దామని కూర్చున్న జనానికి ముందుగా చూపించింది టీవీ. "ఎక్స్‌బాక్స్, వాచ్ టీవీ" అని నోటితో అంటే తెర మీదికి చానెల్ వచ్చింది. ఇంకో మాట అంటే గేమ్, మరో మాట అంటే సినిమా. ఆ కార్యక్రమంలో "టీవీ" అన్న మాట వచ్చిన చోటల్లా కత్తిరించి, అన్నీ ఒకచోట అతికించి వీడియోలు చేసుకుని జనం నవ్వుకున్నారు. కానీ ఆ రోజు చూపించింది అబద్ధం కాదు. నవంబర్ 22న 13 దేశాల్లో అమ్మకానికి వచ్చాక అది నిజంగానే పనిచేసింది. అయినా ఏడేళ్లు తిరిగేసరికి, 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో ఆ సౌకర్యం తాలూకు రంధ్రం కూడా లేదు. పనిచేసే వస్తువును ఎందుకు తీసేశారో తెలియాలంటే, ముందు అది ఎలా పనిచేసిందో చూడాలి.

ఎక్స్‌బాక్స్ వన్ వెనక రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు (బొమ్మనీ సౌండ్‌నీ మోసే కేబుల్ గుచ్చే చోట్లు) ఉంటాయి. ఒకటి టీవీకి వెళ్లేది, ఏ కన్సోల్‌కైనా ఉండేదే. రెండోది లోపలికి వచ్చేది. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి వెళ్లే కేబుల్‌ని టీవీ దగ్గర పీకి, తెచ్చి ఇందులో పెట్టాలి. అప్పట్నుంచి సెట్‌టాప్ బాక్స్ పంపే బొమ్మ కన్సోల్ గుండా టీవీకి చేరుతుంది. దీన్నే పాస్-త్రూ అంటారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇలా పెట్టినంత మాత్రాన కన్సోల్ టీవీ అయిపోదు. దానికి డిష్‌తోగానీ కేబుల్‌వాళ్ల వైరుతోగానీ ఏ సంబంధమూ లేదు. సిగ్నల్ పట్టుకోవడం, మీరు ఏ ప్యాక్‌కి డబ్బు కట్టారో చూడడం, చానెల్ తాళం తీయడం, బొమ్మ తయారుచేయడం, అన్నీ సెట్‌టాప్ బాక్స్ పనులే. కన్సోల్‌కి అందేది తయారైపోయిన బొమ్మ. దాన్ని చిన్నది చేసి పక్కన పెట్టగలదు, పైన తన మెనూ వేయగలదు, మీరు గేమ్ ఆడుతుంటే మ్యాచ్‌ని తెర అంచున చూపించగలదు. స్నాప్ అని పిలిచిన ఈ పక్కపక్క తెరలే నిజంగా ముచ్చటేసే సంగతి. రికార్డు చేయడం మాత్రం కుదరదు. హెచ్‌డీఎంఐ తీగలో వచ్చే బొమ్మకు హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ ఉంటుంది. దాని నిబంధనల ప్రకారం బొమ్మని చూపించొచ్చు, దాచుకోకూడదు. అందుకే ఈ దారిలో వచ్చిన టీవీని కన్సోల్ ఒక్క నిమిషం ఆపి ఉంచడం కూడా కుదరదు. పాజ్ కావాలంటే సెట్‌టాప్ బాక్సుకే ఆ శక్తి ఉండాలి.

దీనికి చెల్లించే మూల్యం కరెంటు బిల్లులో కనబడుతుంది. కన్సోల్ ఆన్‌లో ఉంటేనే బొమ్మ దాటుతుంది. అంటే అమ్మ సీరియల్ చూడాలన్నా గేమ్స్ కోసం కట్టిన ఆ పెద్ద యంత్రం మొత్తం మేల్కొని ఉండాలి. అమెరికాలో ఎన్ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ 2014లో కొలిచి చూస్తే, టీవీ చూసేటప్పుడు ఎక్స్‌బాక్స్ వన్ ఒక్కటే సుమారు 70 వాట్లు లాగుతోందని తేలింది. టీవీ, సెట్‌టాప్ బాక్స్ లాగేది దీనికి అదనం. రోజుకు ఐదు గంటలు చూసే ఇంట్లో నెలకు పది యూనిట్లు, కేవలం బొమ్మని ఇటు నుంచి అటు దాటించినందుకు.

ఇంకో చిక్కు అమెరికాలో పుట్టిన యంత్రం కావడం వల్ల వచ్చింది. అక్కడి టీవీ సెకనుకు 60 బొమ్మల లెక్కన నడుస్తుంది, యూరప్‌లోనూ మన దేశంలోనూ 50 లెక్క. ఎక్స్‌బాక్స్ వన్ మొదట్లో అన్నింటినీ 60లోనే బయటికి పంపేది. 50ని 60గా చూపించాలంటే ప్రతి ఐదు బొమ్మలకూ ఒక దాన్ని రెండుసార్లు వేయాలి. మామూలు వార్తల్లో ఇది పట్టించుకోం. తెర కింద పరిగెత్తే స్క్రోలింగ్ అక్షరాల్లో, ఫుట్‌బాల్ వెంట కెమెరా తిరిగేటప్పుడు మాత్రం ఆ కుదుపు కళ్లకు కొడుతుంది. యూరప్ వాళ్లు గొడవ చేశాక 2014లో అప్‌డేట్ ద్వారా 50 హెర్ట్జ్ అవకాశం ఇచ్చారు. కన్సోల్ మన దేశానికి వచ్చింది ఆ ఏడాది సెప్టెంబర్‌లో కాబట్టి, మనకు ఆ బాధ తప్పింది.

మాట వెళ్తుంది, జవాబు రాదు

బొమ్మ సంగతి అయింది. మరి చానెల్ మార్చడం ఎలా? సెట్‌టాప్ బాక్స్ వేరే కంపెనీది, దాని లోపలి సాఫ్ట్‌వేర్‌తో మైక్రోసాఫ్ట్‌కి ఒప్పందం లేదు. ఆ బాక్సుకు అర్థమయ్యే భాష ఒక్కటే, దాని రిమోట్ పంపే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. కంటికి కనబడని ఆ వెలుగు సెకనుకు సుమారు 38 వేల సార్లు మిణుకుమంటూ, మధ్యమధ్య ఆగుతూ అంకెల్ని మోసుకెళ్తుంది. ఏ కంపెనీ రిమోట్‌లో ఏ బటన్‌కి ఏ కోడ్ అన్న పెద్ద జాబితా ఒకటి దగ్గర పెట్టుకుంటే ఎవరైనా ఆ రిమోట్‌గా నటించొచ్చు. ఎక్స్‌బాక్స్ చేసింది ఇదే. టీవీ పైన కూర్చుని, మన మాటలు కూడా వినే కినెక్ట్ కెమెరా గదిలోకి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చిమ్మేది, అది గోడలకు తగిలి తిరిగొచ్చి సెట్‌టాప్ బాక్సుకు చేరేది. మీరు "వాచ్ ఈఎస్‌పీఎన్" అంటే ఆ చానెల్ నంబరు ఎంతో చూసి, అందులోని అంకెల్ని ఒకదాని తర్వాత ఒకటి పంపేది. బాక్స్ అలమారా తలుపు వెనక ఉంటే వెలుగు చేరదు. అప్పుడు కన్సోల్ వెనక నుంచి ఒక సన్నటి తీగ లాగి, చివరనున్న చిన్న బల్బును బాక్స్ ముందు అతికించాలి. దీన్ని ఐఆర్ బ్లాస్టర్ అంటారు.

ఇందులో అసలు లోపం వెలుగు చేరకపోవడం కాదు, జవాబు రాకపోవడం. పక్క గదిలోకి "అన్నం పెట్టాను, తిను" అని అరిచి వెళ్లిపోయినట్టుంటుంది ఈ వ్యవహారం. విన్నారో లేదో తెలియదు. మూడంకెల నంబరులో మధ్య అంకె ఒకటి దారి తప్పితే బాక్స్ వేరే చానెల్‌కి పోతుంది, కన్సోల్ మాత్రం తను అడిగిందే వచ్చిందని అనుకుంటుంది. పవర్ బటన్ దగ్గర ఇది మరీ తమాషా. చాలా బాక్సుల్లో ఆన్‌కి, ఆఫ్‌కి ఒకటే కోడ్. అప్పటికే ఎవరో రిమోట్‌తో బాక్స్ ఆన్ చేసి ఉంటే, "ఎక్స్‌బాక్స్ ఆన్" అనగానే టీవీ వెలుగుతుంది, కన్సోల్ వెలుగుతుంది, బాక్స్ ఆరిపోతుంది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు మళ్లీ పాత రిమోట్ వెతుక్కుంటారు.

నిజానికి జవాబు చెప్పగల దారి అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో ఉంది. అందులోని 19 పిన్నుల్లో 13వది సీఈసీ అనే పద్ధతి కోసమే. ఒకదానికొకటి కలిపిన పరికరాలన్నీ ఆ ఒక్క తీగ మీద మాట్లాడుకుంటాయి. టీవీ చిరునామా 0, ట్యూనర్‌కి (చానెల్ సిగ్నల్ పట్టుకునే పరికరానికి) 3, ప్లేయర్‌కి 4 ఇలా. "నేను లేచాను, నా బొమ్మ చూపించు" అని ప్లేయర్ అంటే టీవీ వింటుంది, తిరిగి చెబుతుంది. సామ్‌సంగ్‌ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. అన్నీ ఒకటే. టీవీని ఏలడానికే పుట్టిందని చెప్పుకున్న ఎక్స్‌బాక్స్ వన్‌లో ఈ సీఈసీ లేదు! దానికి పోటీగా సోనీ తెచ్చిన ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో ఉంది. అయితే మైక్రోసాఫ్ట్ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. సీఈసీ పెట్టినా సెట్‌టాప్ బాక్సుల్లో చానెల్ మార్చే ఆదేశాన్ని పట్టించుకునేవి అరుదు. ప్రమాణాల పుస్తకంలో ఆ ఆదేశం ఉంది, బాక్స్ తయారుచేసేవాళ్లు దాన్ని వేసుకోలేదు. ఎందుకు వేసుకుంటారు? తమ బాక్సును ఇంకొకరు నడపడం వాళ్లకు కావాల్సిన పని కాదు.

జపాన్ గేమ్ కంపెనీ నింటెండో ఇదే పనిని తక్కువ ఆర్భాటంతో చేసింది. 2012 నవంబర్‌లో వచ్చిన వీ యూ కన్సోల్‌తో 6.2 అంగుళాల తెర ఉన్న గేమ్‌ప్యాడ్ ఇచ్చింది. దానికి ఇన్‌ఫ్రారెడ్ ఉంది, "టీవీ" అని ఒక బటన్ ఉంది. కన్సోల్ ఆన్ చేయకపోయినా అది మామూలు రిమోట్‌లా టీవీ ఆన్ చేసి సౌండ్ పెంచేది. దాని మీద కట్టిన టీవీఐఐ అనే కార్యక్రమాల గైడ్ మాత్రం అమెరికాలో 2015 ఆగస్టులో మూతపడింది. రిమోట్ బతికింది, గైడ్ పోయింది. దీనికీ కారణముంది. రిమోట్‌కి కావాల్సింది కోడ్‌ల జాబితా, ఒకసారి రాస్తే చాలు. గైడ్‌కి కావాల్సింది ఏ ఊళ్లో ఏ ఆపరేటర్ దగ్గర ఏ నంబరులో ఏ చానెల్ వస్తుందో, ఈ రాత్రి 9 గంటలకు అందులో ఏముందో అన్న సమాచారం. అది రోజూ మారుతుంది. మన దగ్గరైతే ఒకే ఊళ్లో రెండు కేబుల్ నెట్‌వర్క్‌లలో ఒకే తెలుగు చానెల్ రెండు నంబర్లలో ఉంటుంది. ఆపరేటర్ సొంతంగా నడిపే లోకల్ చానెల్, పాత సినిమాల చానెల్ ఏ జాబితాలోనూ ఉండవు.

నేరుగా ఎందుకు పట్టుకోకూడదు?

ఇంత డొంకతిరుగుడు ఎందుకు, కన్సోల్‌లోనే ట్యూనర్ పెట్టేస్తే పోదా అనిపిస్తుంది. పెట్టారు. సోనీ 2008లో యూరప్‌లో ప్లేటీవీ అని పీఎస్3కి తగిలించే చిన్న పెట్టె అమ్మింది. అందులో రెండు ట్యూనర్లు. ఇంటి మీది యాంటెన్నా వైరు గుచ్చితే ఉచిత చానెళ్లు వస్తాయి, ఒకటి చూస్తూ ఇంకొకటి పీఎస్3 హార్డ్‌డిస్క్‌లో రికార్డు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ కూడా 2014 అక్టోబర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లలో ఎక్స్‌బాక్స్ వన్‌కి యూఎస్‌బీ ట్యూనర్ తెచ్చింది. దీంతో నడుస్తున్న టీవీని 30 నిమిషాల దాకా ఆపి, వెనక్కి తిప్పి చూడొచ్చు. హెచ్‌డీఎంఐ దారిలో కుదరనిది ఇక్కడ ఎందుకు కుదిరింది? గాల్లో తాళం లేకుండా వచ్చే సిగ్నల్‌ని కన్సోల్ తనే పట్టుకుంది కాబట్టి. బొమ్మ తయారుచేసేది తనే, కాబట్టి దాచుకునేదీ తనే.

అంటే అసలు విషయం తాళం. డబ్బు కట్టి చూసే చానెళ్లన్నీ తాళం వేసి వస్తాయి, తాళం చెవి ఆపరేటర్ ఇచ్చిన బాక్సులో ఉంటుంది. అమెరికా 1996లోనే టెలికాం చట్టం ద్వారా 629వ సెక్షన్ తెచ్చి, ఈ బాక్సుల్ని ఎవరైనా తయారుచేసి అమ్మే వీలుండాలంది. దాన్నుంచి పుట్టిందే కేబుల్‌కార్డ్. తాళం చెవి ఒక కార్డులో ఉంటుంది, దాన్ని మీకు నచ్చిన ట్యూనర్‌లో పెట్టుకోవచ్చు. విండోస్ మీడియా సెంటర్ (టీవీ చూడడానికి, రికార్డు చేయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రోగ్రామ్) ఉన్న కంప్యూటర్‌కి అలాంటి ట్యూనర్ తగిలించి, హాల్లో అంతకుముందు తరం కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360ని దానికి తోడుగా పెట్టుకుంటే కేబుల్ చానెళ్లు, రికార్డింగ్‌లు అన్నీ గేమ్ కన్సోల్‌లోనే చూడొచ్చు. బాక్స్ అద్దె లేదు. కన్సోల్‌లో టీవీ అన్న ఆలోచనకు అమెరికాలో కుదిరిన అత్యుత్తమ రూపం, నా లెక్కలో, ఇదే. కానీ దానికి రోజంతా నడిచే కంప్యూటర్ కావాలి, సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక కావాలి, కార్డు కోసం కేబుల్ కంపెనీతో మాట్లాడే ఓపిక అంతకన్నా కావాలి. ఎక్కువ మందికి అది చేరలేదు. 2015లో విండోస్ 10తో మీడియా సెంటర్ పోయింది, 2020లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కేబుల్‌కార్డ్ నిబంధనల్నే ఎత్తేసింది.

జపాన్ కథ వేరు. అక్కడ గాల్లో వచ్చే చానెళ్లకూ ఉపగ్రహ చానెళ్లకూ కలిపి బీ-క్యాస్ అనే ఒకే కార్డు. టీవీ కొన్నా రికార్డర్ కొన్నా కార్డు దాంతోపాటే వస్తుంది. పే చానెళ్లు కావాలంటే ఆ కార్డు నంబరు చెప్పి చందా కడతారు, వేరే బాక్స్ అక్కర్లేదు. అందుకే గేమ్ కంపెనీకి తలుపు తెరిచే ఉంది. 2003 డిసెంబర్‌లోనే సోనీ ప్లేస్టేషన్ 2ని, టీవీ రికార్డర్‌ని కలిపి పీఎస్ఎక్స్ అని అమ్మింది. ధర ఎక్కువ, జపాన్ దాటలేదు. 2010లో పీఎస్3కి టోర్నె అనే ట్యూనర్ వచ్చింది, 2012లో నాస్నె. ఈ నాస్నె ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే రికార్డర్, లోపల చిన్న బీ-క్యాస్ కార్డు. ఇది టీవీని రికార్డు చేసి పెడుతుంది, కన్సోల్‌లో టోర్నె యాప్ తెరిచి చూసుకుంటారు. సోనీ 2019లో నాస్నె తయారీ ఆపేస్తే, బఫెలో అనే కంపెనీ 2021లో దాన్ని మళ్లీ మొదలుపెట్టింది. అదే ఏడాది పీఎస్5కి కూడా టోర్నె యాప్ వచ్చింది. అమెరికాలో కన్సోల్ టీవీ అంటే పాత జోకు, జపాన్‌లో ఇప్పటికీ వాడుకలో ఉన్న వస్తువు. యంత్రాల్లో తేడా చాలా తక్కువ.

మన సంగతి చూద్దాం. కేబుల్ డిజిటల్ చేయడం రెండో దశలో, 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖపట్నం వచ్చాయి. అప్పట్నుంచి కేబుల్ అయినా డీటీహెచ్ అయినా ప్రతి ఇంట్లో ఆపరేటర్ ఇచ్చిన బాక్స్ తప్పనిసరి అయింది. ఒక డీటీహెచ్ కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీ డిష్‌కి పనికిరాదు. కంపెనీ మారితే పాత బాక్స్ అటక ఎక్కాల్సిందే. ఏ బాక్స్ అయినా ఎక్కడైనా పనిచేసేలా ఉండాలని మన టెలికాం, టీవీ నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. సిఫారసు ఆదేశం కాదు కదా. పోనీ, డబ్బు కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్ అన్నా కన్సోల్ పట్టుకుంటుందా అంటే, అదీ లేదు. యూరప్‌లో అమ్మిన ఎక్స్‌బాక్స్ ట్యూనర్ యాంటెన్నా, కేబుల్ సిగ్నల్స్ కోసం చేసింది, ఉపగ్రహ సిగ్నల్ కోసం కాదు. మన దగ్గర ఎక్స్‌బాక్స్ వన్ కొన్నవాళ్లకు మిగిలింది హెచ్‌డీఎంఐ దారి ఒక్కటే. అందులోనూ బ్లూటూత్ రిమోట్‌తో వచ్చే కొత్తరకం బాక్సుల్లో కొన్నింటికి ఇన్‌ఫ్రారెడ్ అసలు వినబడదు. బొమ్మ వస్తుంది, చానెల్ మారదు.

ఎక్స్‌బాక్స్ కథ ముగిసిన తీరు చెప్పడానికి ఎక్కువ అక్కర్లేదు. కినెక్ట్‌తో కలిపి 499 డాలర్లు, పీఎస్4 మాత్రం 399. గదిలో మాటలు ఎప్పుడూ వింటూ ఉండే పరికరం అన్న భయం ఒకటి. 2014 జూన్‌లో కినెక్ట్ లేకుండా 399కే అమ్మడం మొదలుపెట్టారు. దాంతో నోటిమాటతో నడిచే టీవీ సగం చచ్చిపోయింది. ట్యూనర్‌తో వచ్చే ఉచిత టీవీకి రికార్డింగ్ తెస్తామని 2015లో ప్రకటించి, 2016లో పక్కన పెట్టేశారు. 2017లో స్నాప్ పోయింది, కినెక్ట్ తయారీ ఆగింది. 2020 నవంబర్‌లో వచ్చిన సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలో లోపలికి వచ్చే హెచ్‌డీఎంఐ లేదు. సీఈసీ మాత్రం చేరింది, ఏడేళ్లు ఆలస్యంగా.

సోనీ మధ్యలో ఇంకో దారి పట్టింది. బాక్స్ తాళం చెవి దొరకనప్పుడు తనే ఆపరేటర్ అయితే సరి అనుకుంది. 2015 మార్చిలో ప్లేస్టేషన్ వ్యూ పేరుతో ఇంటర్నెట్ ద్వారా అమెరికన్ చానెళ్లు అమ్మింది. యంత్రం పరంగా అన్నీ బాగున్నాయి, గైడ్ బాగుంది, రికార్డింగ్ ఉంది. చానెళ్లకు కట్టే డబ్బే నిలవనివ్వలేదు. 2020 జనవరి 30న మూసేస్తూ సోనీ చెప్పిన కారణం కూడా అదే.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో పీఎస్5 ఉన్న తెలుగు ఇంట్లో లైవ్ టీవీ చూడాలంటే తేలికైన దారి యూట్యూబ్ యాప్. తెలుగు వార్తా చానెళ్లు చాలావరకు రోజంతా అక్కడ ఉచితంగా లైవ్ ఇస్తాయి. ఇక్కడ తాళమే లేదు, ఇన్‌ఫ్రారెడ్ నాటకం లేదు, యాప్‌కి తను ఏ చానెల్‌లో ఉందో తెలుసు. పాజ్ చేస్తే ఆగుతుంది. నష్టపోయేది సమయం. ఇంటర్నెట్ లైవ్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపుతారు, ముక్క ఆరు సెకన్లు ఉండడం మామూలు. మధ్యలో ఆగకుండా ఉండాలని ప్లేయర్ రెండు మూడు ముక్కలు ముందుగా పోగేసుకుని అప్పుడు మొదలుపెడుతుంది. అలా ఇరవై, ముప్ఫై సెకన్లు వెనకబడడం సాధారణం. అసెంబ్లీ వార్తలకు ఇది లెక్కలోది కాదు. క్రికెట్‌కి మాత్రం చాలా లెక్క. ఆఖరి ఓవర్లో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే, డిష్ ఉన్న పక్కింట్లోంచి కేకలు వినబడతాయి.

అందుకని కన్సోల్, సెట్‌టాప్ బాక్స్ రెండూ ఉన్న ఇంట్లో వాటిని ఒకదానిలోంచి ఒకటి దాటించే ప్రయత్నం మానేసి, టీవీకి ఉన్న రెండు హెచ్‌డీఎంఐ పోర్టుల్లో విడివిడిగా పెట్టుకోవడమే మేలు. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీని దాని కంపెనీ పేరుతో వెతికి ఆన్ చేయండి. పీఎస్5 సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ డివైస్ లింక్ ఆన్ చేయండి. కంట్రోలర్ మీద పీఎస్ బటన్ నొక్కగానే టీవీ తనే వెలిగి ఆ ఇన్‌పుట్‌కి మారుతుంది. సోనీ విడిగా అమ్మే మీడియా రిమోట్ ఉంటే టీవీ సౌండ్, పవర్ కూడా దాంతోనే నడుస్తాయి. చానెల్ నంబర్లకు మాత్రం ఆపరేటర్ ఇచ్చిన రిమోట్ దగ్గర పెట్టుకోవాల్సిందే, బ్యాటరీలతో సహా.